వనజీవి రామయ్య నాటిన చెట్లకు దిక్కెవరు?

ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. పెద్దలు సంతాపాలు తెలిపారు, పత్రికలలో ఫొటోలు పడ్డాయి. ఆయన రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద నాటిన చెట్ల సంగతి ఏమిటన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడగడం లేదు.

ఆయన అసలు పేరు దరిపల్లి రామయ్య. విత్తనాలు ఏరడం, నాటడం, బతికించడం, ఎనభై ఏళ్లు పైబడిన జీవితంలో ఎక్కువ భాగం ఇదే పని. మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన బోర్డు వేసుకుని, విత్తనాల సంచితో ఊరూరా తిరుగుతుంటే పిచ్చివాడని నవ్విన వారే ఎక్కువ. 2017లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చిన తరువాత ఆ నవ్వులు ఆగాయి. మన దగ్గర మంచి పనికి కూడా ఢిల్లీ ముద్ర పడితే తప్ప విలువ రాదు గదా!

కోటి మొక్కలు నాటారని చెబుతారు. వేలు పెట్టి లెక్కించిన వారు లేరు. లెక్క కన్నా ఆయన పద్ధతి ముఖ్యం. వేపగింజ రాలిన కొద్ది వారాలలోనే నాటాలి, ఆలస్యమైతే మొలకశక్తి పోతుంది. ఇటువంటివి తెలుసుకుని ఏ కాలంలో రాలే గింజను ఆ కాలంలో పోగుచేసేవారు. తొలకరికి నాటేవారు. ఎండాకాలంలో వెళ్లి నీళ్లు పోసేవారు.

ఈ పనిలో ఆయన భార్య జానమ్మ పాలు తక్కువేమీ కాదు. గింజలు ఏరడానికి ఆమే వెంట నడిచారు. ఇంటాయన రూపాయి రాని పనికి తిరుగుతుంటే సంసారం ఈదిన ఇల్లాలి కష్టం ఏ సన్మానపత్రంలోనూ రాయరు. మనవరాళ్లకు సైతం చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టుకున్న కుటుంబం అది.

2022లో మొక్కలకు నీళ్లు పోయడానికి వెళుతూ రోడ్డు దాటుతుండగా మోటారు సైకిలు ఢీకొని రామయ్య గాయపడ్డారు. ఆసుపత్రిలో ఉండి ఆయన కోరింది ఒక్కటే. ఆ యువకుడి మీద కేసు వద్దు, వంద మొక్కలు నాటించండి అన్నారు.

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. 2015లో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలని, లేకుంటే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పాలని నిర్దేశించింది. చట్టం మంచిదే. అయితే వానాకాలంలో మొక్క పట్టుకుని ఫొటో దిగిన వారిలో వైశాఖమాసపు ఎండలో బిందె పట్టుకునే వారెందరు? ఖాళీగా మిగిలిన ట్రీగార్డులను ఏ ఊరి పొలిమేరలోనైనా చూడవచ్చును. మేకల మీద, ఎండ మీద తప్పు నెట్టేస్తే సరిపోదు.

రామయ్య చెట్లు ఏ పథకం కిందా లేవు గనుక ఏ రిజిస్టరులోనూ ఉండవు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, కరెంటు తీగలకు అడ్డమన్నప్పుడు ముందుగా గొడ్డలి పడేది అటువంటి వాటి మీదనే. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నది. ఫలానా చెట్టు ఉన్నదని కాగితం మీద ఉంటే గదా, పోయిందని అడగడానికి!

రెడ్డిపల్లి చుట్టుపక్కల పంచాయతీలు ముందుగా ఈ చెట్లను లెక్కించి, నంబర్లు వేసి, రికార్డులో ఎక్కించాలి. కొట్టవలసి వస్తే గ్రామసభలో చెప్పి మరీ కొట్టాలి. దీనికి పెద్ద నిధులేమీ అక్కరలేదు, ఒక డబ్బా రంగు, ఇద్దరు మనుషులు, నాలుగు రోజుల పని. జిల్లా అధికారులు ఒక ఉత్తరువు ఇస్తే వేపగింజలు రాలే నాటికి ఆ పని ముగించి, బడిపిల్లలను గింజలు ఏరడానికి పంపవచ్చును.