తిరగేసి చూడండి

ఒకనాడు వంట బాగా కుదిరితే మర్నాడు కూడా అదే వండమంటారు ఇంట్లోవాళ్లు. అదే ఉప్పు, అదే పులుసు; అయినా రెండోనాడు మారు వడ్డించమని ఎవరూ అడగరు. ఈ సంగతి సినిమావారికీ టెలివిజన్‌వారికీ తెలియదని కాదు. నిన్నటి కూర పేరు చెబితే నలుగురూ వచ్చి పీటల మీద కూర్చుంటారని వారి ఆశ.

అమెరికాలో సీ.బీ.ఎస్. టెలివిజన్‌వారు 2016 మార్చి 31న మొదలుపెట్టిన 'రష్ అవర్' అనే పోలీసు హాస్య ధారావాహిక అటువంటి వంటే. అదే పేరుతో 1998లో వచ్చిన సినిమాను మీ పిల్లలు చూసే ఉంటారు. పెద్దలు కూడా, పేపరు చాటునుంచి చూసే ఉంటారు. కథ గోరంత. లాస్ ఏంజిలిస్‌లో చైనా దౌత్యాధికారి కూతుర్ని దుండగులు ఎత్తుకుపోతారు. ఆ పిల్లకోసం హాంకాంగ్ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వస్తాడు. అతగాడు తమ పనికి అడ్డం రాకుండా ఊళ్లో తిప్పుతూ ఉండమని, పెద్ద అధికారులు స్థానిక డిటెక్టివు నొకణ్ణి పురమాయిస్తారు. ఒకడికి నోరు మూతబడదు. మరొకడికి కాలూ చేయీ ఒకచోట నిలవవు. అంతే కథ! దానికి ప్రపంచం మొత్తం మీద 24 కోట్ల డాలర్లకు పైగా ముట్టజెప్పారు జనం. 2001లోనూ 2007లోనూ మరి రెండు భాగాలు వచ్చాయి.

ఇంత పేరున్న సరుకు టెలివిజన్‌లో ఎన్నాళ్లు నిలిచింది? పదమూడు భాగాలు. మే నెలలోనే రద్దు చేస్తున్నామన్నారు. ఆగస్టు 20తో సరి. పాత్రల పేర్లు అవే, ఊరు అదే, తగాదాలు అవే. నటించిన జాన్ ఫూ యుద్ధవిద్యలు అభ్యసించినవాడే. జస్టిన్ హైర్స్ నలుగురినీ నవ్వించడం వృత్తిగా పెట్టుకొన్నవాడే. మరి లోపమెక్కడ?

దీనికి సమాధానం నాకు మా పోచంపల్లిలో దొరికింది. పట్నంలో ఏదో దుకాణంలో 'పోచంపల్లి' అని చెప్పగా కొన్న చీరెను మా బంధువులావిడ ఒకరు మురిపెంగా తెచ్చి చూపారు. మా వీధిలో ఉండే నేత పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకొని, ఒక్క క్షణంలో మడత తిప్పేశాడు.

"సారూ, ముందటికి చూస్తే ఏమెరుకైతది? తిరగేసి చూడుండ్రి. గుడ్డ మీద ఏసిన రంగు గుడ్డ మీదనే ఉంటది. పోగుకు పట్టిచ్చిన రంగు పోగుల ఉంటది" అన్నాడు.

వెనుకవైపు పువ్వులన్నీ వెలవెలబోతున్నాయి. అది అద్దకం చీరె. అసలైన దానికి అటూ ఇటూ ఒకటే కళ. ఎందుకంటారా? ఇక్కడ నూలును ఆసుపోసి, లెక్కప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. విప్పి, మళ్లీ కట్టి, మరో రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కక మునుపే పువ్వు పోగులో ఉంటుంది.

ఆ సినిమాను కూడా అట్లా తిరగేసి చూడండి. ఇన్‌స్పెక్టరు వేషం వేసిన జాకీ చాన్ చిన్నతనంలోనే హాంకాంగ్‌లో చైనా నాటక విద్య నేర్పే బడిలో చేరి, ఏళ్ల తరబడి పల్టీలూ పాటా ఒళ్లు హూనమయ్యేలా అభ్యసించినవాడు. క్రిస్ టకర్ ఒంటరిగా వేదికనెక్కి మాటలతోనే జనాన్ని కడుపుబ్బ నవ్వించి పైకి వచ్చినవాడు. వాళ్లకోసం కథ పుట్టిందా, కథకోసం వాళ్లు పుట్టారా అన్నట్టుంటుంది. ఆఖర్న పేర్లు పడుతున్నప్పుడు, తప్పిన దూకుళ్లూ, మరచిన సంభాషణలూ వారే వరసగా చూపిస్తారు. బట్ట వెనుకవైపు చూపడానికి జంకని నేతగాళ్లన్నమాట! టెలివిజన్‌వారు అరువు తెచ్చుకొన్నది పై పువ్వును మాత్రమే.

అరువు తెచ్చిన ప్రతిదీ చెడుతుందనడం మాత్రం అన్యాయం. మన 'గబ్బర్ సింగ్' (2012) హిందీ 'దబాంగ్' (2010)కు తెలుగు రూపమే. అయితే పోలీసు స్టేషన్‌లో రౌడీల చేత అంత్యాక్షరి పాడించిన ఘట్టం హిందీలో లేదు. మనవాళ్లు సొంత నూలుతో నేసిన ఆ జానెడు ముక్కే జనానికి ఎక్కువ జ్ఞాపకం.

ఇంకొక చిత్రం చూడండి. 1982లో అమెరికాలోనే ఏ.బీ.సీ. వారు 'పోలీస్ స్క్వాడ్' అనే హాస్య ధారావాహిక వేశారు. అది ఏ సినిమాకూ నకలు కాదు. ఆరు భాగాలు కాగానే ఆపేశారు. ప్రేక్షకుడు కళ్లప్పగించి చూస్తే తప్ప దాన్ని ఆనందించలేడని ఆ సంస్థ పెద్ద చెప్పిన కారణం! వెనకాల గోడ మీదా మూలనా కూడా హాస్యం పెడితే, చూడక ఎట్లా తెలుస్తుంది? అందులోని డిటెక్టివునే, లెస్లీ నీల్సన్‌నే, మళ్లీ తీసుకొని 1988లో 'నేకెడ్ గన్' సినిమా తీస్తే విరగబడి చూశారు. 1991లో, 1994లో మరి రెండు తీయవలసి వచ్చింది.

కనుక తొందరగా ఆగిపోయినదల్లా నాసిరకం కాదు. ఎక్కువ కాలం ఆడినదల్లా మేలిరకమూ కాదు. నాకు బాధ కలిగించేది వేరొకటి. అద్దకం చీరె రెండు ఉతుకులకు వెలిస్తే, "పోచంపల్లి చీరెలింతే" అంటారు గాని, అద్దకం వాణ్ణి ఎవరూ అనరు. ఇక్కడి నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చి ఏళ్లు గడిచినా ఆ నింద తప్పలేదు. రోజుల తరబడి పోగులు కట్టిన ఇంటికి కూలి గిట్టదు. హాస్యం సంగతీ అంతే. పాత పేరున్న నకలుకు పదమూడు భాగాలు ఇస్తారు. కొత్తగా పోగు కట్టుకొని వచ్చినవాడికి ఆరు చాలునంటారు. మగ్గం ఖాళీ లేకపోతే మంచి నేతగాడు మాత్రం ఏం చేస్తాడు?

ఇందులో మన చేతిలో ఉన్నదీ లేకపోలేదు. ఈసారి తెలియని పేరుతో ఏదైనా కొత్త హాస్యం ఇంటికి వస్తే, మొదటివారం నవ్వు రాలేదని మీట నొక్కేయకండి. నాలుగు వారాలు ఓపిక పట్టండి. ధారావాహిక నవలలు చదివే అలవాటున్న మీకు ఆ ఓపిక నేను నేర్పాలా!