పాత ఇల్లు బాగుచేసుకునే వారికి చేయూత ఏది?

అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం గెట్లు తేల్చడానికి ఎన్ని పంచాయితీలు జరుగుతాయో, ఇల్లు పంచుకోవడానికి అంతకంటె ఎక్కువే జరుగుతాయి. పెద్దవాడు ముందటి అర్రలు తీసుకుంటే చిన్నవాడి వంతుకు వెనుకటి వంటిల్లు, పశువుల కొట్టం, సగం ఒరిగిన గోడ వస్తాయి. పెళ్లయి మూడు నాలుగేళ్లయిన జంటకు అదే మొదటి సొంత ఇల్లు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో ఇటువంటి జంటలు లేని వూరు వుండదు. పత్తి అమ్మగానో, మిర్చి అమ్మగానో అప్పులు పోను మిగిలిన నలభై, యాభై వేల రూపాయలే వారి పెట్టుబడి. రోజూ మేస్త్రీకి కూలి ఇచ్చే స్తోమత లేక భార్యాభర్తలే మట్టి తొక్కి, రాళ్లు మోసి, పెంకులు ఎక్కించి ఇంటిని నిలబెట్టుకుంటున్నారు.

వీరి శ్రమ ఏ ప్రభుత్వ లెక్కలోను చేరడం లేదు. ఇల్లు లేనివారికి పథకం వుంది. ఇల్లు కూలినవారికి పరిహారం వుంది. వున్న ఇంటిని కూలకుండా కాపాడుకునే వారికి మాత్రం ఏమీ లేదు. ఈ లోటును పూడ్చవలసిన అవసరం ఎంతైనా వున్నది.

కొత్త ఇంటికే సాయం

రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించింది. సొంత స్థలం వున్న పేదలకు 5 లక్షల రూపాయలను నాలుగు విడతలుగా ఇస్తారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. వంటగది, మరుగుదొడ్డి వుండాలి. గుడిసెలలో, కూలడానికి సిద్ధంగా వున్న ఇళ్లలో కాలం గడుపుతున్న వారికి ఇది ఎంతో మేలు చేసే పథకం అనడంలో సందేహం లేదు.

కాని పునాది మట్టం వరకు పని పూర్తయిన తరువాతనే మొదటి లక్ష రూపాయలు చేతికి వస్తాయి. అంతవరకు ఇంటివారే పెట్టుకోవాలి. పాత ఇంటి స్థలంలోనే కట్టేవారు ముందు వున్న ఇంటిని కూల్చుకోవాలి. ఇల్లు పూర్తయ్యేదాకా పిల్లలతో ఎవరి పంచన వుండాలన్నది మరో సమస్య. చాలినంత డబ్బు లేనివారు నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెస్తున్నారు. ఆ లెక్కన లక్ష రూపాయల అప్పుకు ఏడాదికి మిత్తియే 36 వేలు. ఒక ఎకరం పంట రాబడి దానికే పోయినా ఆశ్చర్యం లేదు.

గోడలు గట్టిగా వుండి, పైకప్పు మాత్రమే పాడైన ఇంటికి ఇంత భారం ఎందుకు? అదే ఇంటికి సకాలంలో కొద్దిపాటి సాయం అందితే ఆ జంట అప్పు లేకుండా పది పదిహేనేళ్లు అందులో కాపురం చేయగలదు. ఈలోగా కొత్త ఇంటికి కావలసిన సొమ్ము కూడబెట్టుకోగలదు.

వెనుక వుండేది, ఇప్పుడు లేదు

మరమ్మతులకు ప్రభుత్వ సాయం అన్నది కొత్త కోరిక కాదు. కేంద్ర ప్రభుత్వం 1985లో ప్రారంభించిన ఇందిరా ఆవాస్ యోజనలో 1999-2000 నుండి 20 శాతం నిధులను పాడుబడిన కచ్చా ఇళ్లను బాగుచేయడానికి కేటాయించారు. ఒక్కో ఇంటికి ఇచ్చే సాయం 2004లో 12,500 రూపాయలు కాగా, 2008లో 15,000కు పెరిగింది. ఆనాటి ధరలకు అది తీసిపారవేయదగిన మొత్తం కాదు. 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. మైదాన ప్రాంతాలలో 25 చదరపు మీటర్ల కొత్త ఇంటికి 1 లక్షా 20 వేల రూపాయలు అన్నది దాని లెక్క. మరమ్మతులకు వున్న వాటా ఆ మార్పులో కనుమరుగైంది.

వరద సాయంలోనూ ఇదే తేడా కనబడుతుంది. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలం మోరంచపల్లిని ముంచెత్తింది. ప్రజలను హెలికాప్టర్ల సాయంతో తరలించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలోని సీతారాం తండా నీట మునిగింది. నీరు తగ్గిన తరువాత రెండు చోట్లా కనబడినవి నానిన గోడలు, బురద నిండిన అర్రలే.

విపత్తు సహాయానికి కేంద్రం 2022-26 సంవత్సరాలకు నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతాలలో 1 లక్షా 20 వేల రూపాయలు వస్తాయి. కొంత దెబ్బతిన్న కచ్చా ఇంటికి వచ్చేది 4 వేలు మాత్రమే. ఆ డబ్బు పది, పన్నెండు బస్తాల సిమెంటుకు సరిపోతుంది. ఒక గోడ కూలి, మిగతా మూడు నిలిచిన ఇంటివారు ఆ నాలుగు వేలతో ఏమి చేయగలరు? సగం కూలినదాని కంటె పూర్తిగా కూలితేనే మేలని పేదవాడు అనుకునే స్థితి రావడం విచారకరం.

ముందు పైకప్పు, తరువాతే సోకు

ప్రభుత్వాన్ని అడగవలసినది ఒకటైతే, ఇల్లు బాగుచేసుకునే వారు తెలుసుకోవలసినది మరొకటి వున్నది. తక్కువ సొమ్మును ఎక్కడ ముందు ఖర్చు చేయాలన్నదే ఆ విషయం. చాలాచోట్ల వీధి గోడకు రంగులు, గుమ్మం ముందు టైల్సు, ఇనుప గేటు ముందు వస్తున్నాయి. వెనుక గోడ మాత్రం వానకు నానుతూనే వుంటుంది. మట్టి ఇంటికి శత్రువు నీరు. అది పై నుండి రాకుండా, కింది నుండి ఎక్కకుండా చూసుకుంటే గోడ తరతరాలు నిలుస్తుంది. చేతిలో 50 వేలు వుంటే అందులో సగానికి పైగా పైకప్పుకే పెట్టడం తెలివైన పని.

వెనుకటి రోజులలో మృగశిర కార్తె రాకముందే గూన సర్దించుకునేవారు. ఇప్పుడు గూన చేసే కుమ్మరులు అరుదైపోయారు. పైగా కోతుల బెడద వచ్చిపడింది. సర్దిన పెంకులను కోతులు వారం తిరగకుండానే పీకి పారవేస్తున్నాయి. దానితో విసిగి రేకులు వేయించుకుంటున్నవారు ఎందరో వున్నారు. రేకులు వేసేటప్పుడు గోడకు, రేకుకు మధ్య గాలి ఆడే సందు విడవకపోతే ఎండాకాలం ఇంట్లో పసిపిల్లలు వుండలేరు. గూనయే వుంచుకోదలచిన వారు రెండు అర్రల పెంకులలో మంచివి ఏరి ఒక అర్రకు నిండుగా కప్పుకుంటే కొత్తవి కొనే పని తప్పుతుంది. ఏది వేసినా ముందుగా దూలాలను, వాసాలను ఇనుప చువ్వతో పొడిచి చూడాలి. చువ్వ సులువుగా దిగితే చెద తిన్నదని అర్థం. అటువంటి దూలం మీద బరువు ఎక్కించడం ప్రమాదం.

గోడ కింది భాగం సంగతి తరువాతిది. చూరు రెండడుగులైనా బయటికి వుండాలి. చూరునీరు గోడ మొదట్లో నిలవకుండా వాలు తీసి, మోరీలోకి పోయేటట్లు చేయాలి. జనగామ ప్రాంతంలో గుట్టరాయి దొరుకుతుంది గనుక గోడ మొదట్లో అడుగున్నర ఎత్తు రాతి కట్టడం కట్టుకోవచ్చు. భూపాలపల్లి అడవి అంచు గూడేలలో తడికెలకు మట్టి మెత్తిన గోడలు ఎక్కువ. వాటికి ఎత్తయిన అరుగే రక్ష. ఈ పనులకు పెద్ద మేస్త్రీ అక్కరలేదు. భార్యాభర్తలు నాలుగు రోజులు కష్టపడితే పూర్తవుతాయి.

సిమెంటు గట్టిది గనుక మట్టి గోడకు సిమెంటు పూత పూస్తే మేలని చాలామంది నమ్మకం. ఇది సరి కాదు. మట్టి గోడ తేమను పీల్చుకుంటుంది, విడుస్తుంది. సిమెంటు పూత ఆ తేమను లోపలే బంధిస్తుంది. రెండు మూడు వానాకాలాలకు పూత పెచ్చులుగా ఊడి, దానితో మట్టి కూడా రాలుతుంది. మట్టి, సున్నం కలిపిన పూత చౌక, మన్నిక కూడా.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మట్టి గోడల మీద స్లాబు వేయడం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఐదంగుళాల మందం వున్న స్లాబు సుమారు 3 టన్నుల బరువు వుంటుంది. నానిన మట్టి గోడ ఆ బరువును మోయలేదు. స్లాబే కావాలనుకునే వారు పునాది నుండి పిల్లర్లు లేపుకోవాలి. లేదా ఆ కోరికను కొంతకాలం వాయిదా వేసుకోవాలి. వానాకాలంలో గోడ కూలి నిద్రలోనే ప్రాణాలు పోయాయన్న వార్తలు ఏటా వస్తూనే వున్నాయి. ఒరిగిన గోడ పక్కన మంచం వేయరాదు. తడిసే గోడకు కరెంటు బోర్డు వుంచరాదు. ఎర్త్ లేని ఇంటిలో వానాకాలం ఇనుప రేకును, దండెం తీగను ముట్టుకోవడం కూడా భయమే.

తెలిసినవారు వున్నారు, తెలిపేవారు లేరు

తక్కువ ఖర్చు ఇల్లంటే నాసి ఇల్లని అర్థం కాదు. ఇంగ్లండులో పుట్టి 1945లో భారతదేశానికి వచ్చిన లారీ బేకర్ కేరళలో స్థిరపడి, మట్టి, ఇటుక, పాత తలుపులు, కిటికీలతో వందలాది ఇళ్లు కట్టి చూపించారు. ఇటుకలను నిలువుగా పేర్చి గోడ లోపల ఖాళీ విడిచే ఆయన పద్ధతిలో దాదాపు నాలుగో వంతు ఇటుక ఆదా అవుతుంది. లోపల గాలి వుండడం వల్ల ఇల్లు చల్లగా కూడా వుంటుంది. ప్రభుత్వం ఆయనకు 1990లో పద్మశ్రీ ఇచ్చింది.

అంత దూరం పోనవసరం లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో గ్రామీణ సాంకేతిక పార్కు వున్నది. మట్టి ఇటుకలతో చౌకగా కట్టిన ఇళ్ల నమూనాలు అక్కడ చూడవచ్చు. కాని ఆ విద్య రాజేంద్రనగర్ దాటి మరిపెడకో, పాలకుర్తికో, మహదేవపూర్‌కో వచ్చినట్లు కనబడదు. మండలానికి పదిమంది మేస్త్రీలకు మరమ్మతు పనిలో శిక్షణ ఇస్తే వందలాది ఇళ్లకు మేలు జరుగుతుంది.

ఆమె పేరు ఎక్కడ?

ఈ పనిలో మరో అన్యాయం దాగి వున్నది. మట్టి తడిపేది, నీళ్లు మోసేది, గోడ మెత్తేది, అలికేది ఎక్కువగా ఆడవారే. పొదుపు సంఘంలో అప్పు తెచ్చి పెంకులకో, రేకులకో కట్టేది కూడా ఆమెయే. పంచాయతీ ఇంటి పన్ను రసీదులో మాత్రం మామగారి పేరే వుంటుంది. ఇందిరమ్మ ఇల్లు మహిళ పేరున మంజూరవుతుంది. చేతులారా బాగుచేసుకున్న పాత ఇంటికి ఆ హక్కు లేదు. రేపు అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తే ఆమె పెట్టిన సొమ్ముకు, చేసిన చాకిరికి సాక్ష్యం కూడా వుండదు. కనుక పని మొదలుపెట్టక ముందే పెద్దమనుషుల ఎదుట భాగాల కాగితం రాయించుకుని, పంచాయతీలో భార్యాభర్తలిద్దరి పేర్లు ఎక్కించుకోవడం అవసరం.

చేయవలసినది

మరమ్మతులకు డబ్బిస్తే దుర్వినియోగం అవుతుందని కొందరు అనవచ్చు. కొత్త ఇంటికి ప్రతి దశలో ఫోటో తీసి, స్థలం గుర్తించి, ఆ తరువాతనే బిల్లు ఇస్తున్నారు. పాత ఇంటికి కూడా పనికి ముందు ఒక ఫోటో, తరువాత ఒక ఫోటో తీయడం కష్టమేమీ కాదు. ఈ కాలంలో మట్టి ఇల్లు ఎందుకని మరికొందరు అనవచ్చు. ఒరిగిపోయిన ఇంటిని ఎవరూ వుంచుకొమ్మనడం లేదు. అటువంటి వారికి కొత్త ఇల్లు ఇవ్వవలసిందే. అర్హుల జాబితా చేంతాడంత వున్నప్పుడు, బాగుచేయదగిన ఇళ్లను బాగుచేస్తే నిజంగా ఇల్లు లేనివారి వంతు తొందరగా వస్తుంది.

గృహనిర్మాణ నిధులలో వెనుకటివలె ఐదో వంతైనా మరమ్మతులకు కేటాయించాలి. ఇందిరమ్మ ఇళ్లకు ప్రకటించిన ఉచిత ఇసుకను మరమ్మతు చేసుకునే పేదలకు కూడా ఇవ్వాలి. ఒకటి రెండు ట్రాక్టర్లు చాలు. మహిళా సంఘాల ద్వారా ఇంటి మరమ్మతుకు తక్కువ వడ్డీ రుణం ఇప్పించాలి. కొంత దెబ్బతిన్న ఇంటికి ఇచ్చే పరిహారాన్ని జరిగిన నష్టాన్ని బట్టి పెంచాలి. 2025 డిసెంబరు ఎన్నికలలో గెలిచి వచ్చిన సర్పంచులు, వార్డు సభ్యులు మృగశిరకు ముందే వూరిలోని పాత ఇళ్లను చూసి, కూలే గోడల జాబితా తయారుచేసి గృహనిర్మాణ శాఖ ఇంజనీర్లకు అందజేయాలి. దీనికి పెద్దగా ఖర్చు కూడా కాదు.

ఇల్లు కూలిన తరువాత లక్షా 20 వేలు ఇచ్చే ప్రభుత్వం, కూలకముందే అందులో కొంత ఇస్తే ఇల్లూ నిలుస్తుంది, ఇంటివారి ప్రాణాలూ నిలుస్తాయి. తమ చేతులతో తమ ఇంటిని నిలబెట్టుకుంటున్న జంటలు అడుగుతున్నది దానం కాదు. తమ కష్టానికి కాస్త ఆసరా. వచ్చే వానాకాలానికి ముందే జిల్లా అధికారులు, శాసనసభ్యులు ఈ విషయంపై శ్రద్ధ వహించాలి.