"మా కుక్క ఏమీ చేయదు, రండి" అనే మాట మానుకుందాం

పెద్ద కుక్క ఉన్న ఇంటికి వెళ్లినవాళ్లందరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. గేటు తీయగానే అది పరుగెత్తుకొచ్చి రెండు ముందుకాళ్లూ మన భుజాల మీద వేస్తుంది. మనం కేక వేస్తాం. లోపలినుంచి ఇంటివాళ్లు నవ్వుతూ, "భయపడొద్దండీ, మా కుక్క ఏమీ చేయదు, రండి" అంటారు. ఈ మాట మా ఇంట్లో రెండేళ్లు అన్నాము. నేనూ అన్నాను. ఇప్పుడు ఆ మాటను తప్పుపడుతూనే ఈ వ్యాసం రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. అందులో సగం కోపం నా మీదే కాబట్టి పెద్దలు ఏమీ అనుకోవద్దని మనవి.

మా ఊరు హోసూరు పక్కన. మా కుక్క పేరు భీమ, లాబ్రడార్ జాతి. మా చిన్నాయన బెంగళూరు నుంచి తెచ్చినప్పుడు దానికి రెండు నెలలు, నా ఒడిలో పట్టేది. నేను బడి నుంచి రాగానే కాళ్ల మీదికి ఎగబాకేది. "చూడండే, ఎట్ల ఎగురుతాదో!" అని అందరం నవ్వి, ఎత్తుకుని ముద్దు చేసేవాళ్లం. ఇప్పుడు దాని బరువు 32 కిలోలు. మా తమ్ముడి బరువు 28.

పోయిన కనుమ రోజు పొద్దున మా అవ్వ రోజాపూల బుట్ట చేతబట్టుకుని గేటు తీసింది. భీమ ఎప్పటిలాగే ప్రేమగా ఎగిరింది. అవ్వ మెట్టు మీద వెనక్కి పడింది. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ చేత్తోనే అవ్వ పూలు కట్టేది, సంగటి కెలికేది. సిప్‌కాట్‌లో నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చిన మా నాయన అంతా చూసి ఒకటే మాటన్నాడు: "రేపు తెల్లారే బండిలో ఏసుకునిపోయి ఎక్కడన్నా ఇడిసిపెట్టి వస్తా." తమ్ముడు ఏడ్చాడు. నేను నాయనతో వాదించాను. అప్పుడు కట్టు వేసుకుని మంచం మీద కూర్చున్న అవ్వే అంది: "దాన్ని ఇడిసిపెడితే ఏమొస్తాది? ఎగరడం నేర్పించింది మీరే కదా!"

అవ్వ బడికి పోలేదు. కానీ ఆ రోజు ఇంట్లో సరిగ్గా ఆలోచించింది ఆమె ఒక్కతే.

కుక్క ఎందుకు ఎగురుతుంది? కుక్కపిల్లలు తమకంటే పెద్ద కుక్కలను పలకరించేటప్పుడు వాటి మూతి దగ్గరికి చేరి నాకుతాయి. అది వాటి నమస్కారం. మన ముఖం ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడికి చేరాలంటే ఎగరక తప్పదు. ఇందులో పొగరూ లేదు, పగా లేదు. ఎగిరినప్పుడల్లా మనం నవ్వాము, తాకాము, మాట్లాడాము. అంటే ఎగిరితే కూలి దొరుకుతుందని దానికి తెలిసింది. ఐదు కిలోల వయసులో ముద్దొచ్చిన పని ముప్పై కిలోల వయసులో నేరమైంది. ఆ నియమం మారిందని కుక్కకు ఎవరు చెప్పారు?

"మేము తిడతాము కదా, తోసేస్తాము కదా" అంటారు. అదే మన పొరపాటు. పొద్దంతా ఒంటరిగా ఉన్న కుక్కకు తిట్టు కూడా పలకరింపే. "దిగు, దిగు" అని కేకలు వేస్తూ రెండు చేతులతో తోస్తే, మనకది శిక్ష, దానికి ఆట. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ (1904–1990) ఎలుకలతో, పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఇదే చూపించాడు. ఏ పనికి ఫలితం దొరుకుతుందో ఆ పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఫలితం పూర్తిగా ఆగిపోతే ఆ పని తగ్గుతుంది. ఒక్కోసారి దొరికి, ఒక్కోసారి దొరక్కపోతే మాత్రం ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. ఇంట్లో నలుగురు కట్టుదిట్టంగా ఉండి ఒక్కరు ముద్దు చేస్తే చాలు, నలుగురి కష్టమూ గాలికి పోతుంది.

ఇక కొట్టేవాళ్ల సంగతి. మా మామ ఒకాయన, "మోకాలితో ఎదమీద ఒకటి తన్ను, మళ్లీ ఎగరదు" అని సలహా ఇచ్చాడు. ఇంకొకాయన కర్ర పట్టుకోమన్నాడు. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని సామెత ఉంది, నిజమే. కానీ మా భీమ కరవలేదు, పలకరించింది. పలకరింపుకు కూడా చెప్పుదెబ్బేనా? మోకాలితో తంతే కుక్కకు దెబ్బ తగలొచ్చు, ఒంటికాలి మీద నిలబడిన మనమే పడిపోవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. మనుషులు వచ్చినప్పుడల్లా దెబ్బ పడితే, మనుషులు రావడమే చెడ్డదని కుక్క నేర్చుకుంటుంది. ఎగిరే కుక్క భయపడే కుక్క అవుతుంది. భయపడిన కుక్క కరవొచ్చు. అప్పుడు "ఏమీ చేయదు" అని ఎవరికి చెప్తాం?

కట్టేసేవాళ్లు మరీ ఎక్కువ. పొద్దున ఆరుకు కట్టి రాత్రి తొమ్మిదికి విప్పుతారు. విప్పగానే అది పిచ్చెత్తినట్లు పరిగెత్తుతుంది. "చూశారా, కట్టకపోతే ఎట్ల ఆడతాదో" అంటారు. కట్టినందుకే అట్ల ఆడుతుందని ఎందుకు అనుకోరు? లాబ్రడార్ జాతి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లతో కలిసి నీళ్లలో పనిచేసిన కుక్కల నుంచి వచ్చింది. తర్వాత బ్రిటన్‌లో వేటగాళ్లు కొట్టిన పక్షులను తెచ్చివ్వడానికి పెంచారు. అట్లాంటి పనిమంతుడిని తెచ్చి నాలుగడుగుల గొలుసుకు కట్టి, బుద్ధిగా ఉండమంటే ఎట్ల ఉంటుంది? మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. దాని 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతో మితిమీరిన సేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడం, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరాలు. ఇది నాయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఒక నెల చూస్తా" అన్నాడు.

కొందరు "సీమ కుక్కలంటే అంతే, నాటు కుక్కను పెంచాల్సింది" అన్నారు. నాటు కుక్కలంటే నాకూ గౌరవమే. మనలాగే తమిళనాడులో స్థిరపడిన తెలుగు రాజులు ఉండే రాజపాళయం పేరుతోనే ఒక గొప్ప జాతి ఉంది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల కూడా వేసింది. కానీ ఏ జాతి కుక్కా నేర్పించకుండా మర్యాద నేర్చుకోదు. ఎగిరినప్పుడల్లా ముద్దు చేస్తే రాజపాళయం పిల్ల కూడా ఎగురుతుంది.

మేము చేసింది చెప్తాను. మొదట పొద్దున, సాయంత్రం నడిపించడం మొదలుపెట్టాము. పొద్దున నేను, సాయంత్రం తమ్ముడూ అమ్మా. తర్వాత ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నెమ్మదిగా ఉన్న సమయంలో, కూర్చోవడం నేర్పించాము. ఉప్పు లేకుండా ఉడికించిన కోడి ముక్క గోరంత తీసి ముక్కు దగ్గర పట్టి, మెల్లగా తల మీదికి జరిపితే కుక్క తలెత్తుతుంది, వెనుక భాగం తనంతటదే నేలకు ఆనుతుంది. ఆనగానే ముక్క ఇవ్వాలి. కూర్చున్న కుక్క అదే సమయంలో ఎగరలేదు. కిటుకంతా ఇదే. వద్దన్న పని ఆపాలంటే, దాని బదులు చేయాల్సిన పని చూపించాలి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నేను "కూర్చో" అంటాను. పక్కింటి తమిళ అత్త "ఉక్కారు" అంటుంది. అమ్మకు పుట్టింటి అలవాటు, "కూత్కో" అంటుంది. చిన్నాయన "సిట్, సిట్" అంటాడు. పాపం భీమ ఏమి చేస్తుంది? ఒకే మాట ఉండాలని ఇంట్లో పంచాయితీ పెట్టాము. చిన్నాయన "కుక్కలకు ఇంగ్లీషే అర్థమవుతాది" అన్నాడు. చాలామంది ఇట్లాగే అంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కుక్కతో మాత్రం ఇంగ్లీషు మాట్లాడతారు. కుక్క నేర్చుకునేది భాషను కాదు, ఒక శబ్దాన్ని, దాని వెనక వచ్చే ఫలితాన్ని. అయినప్పుడు ఆ శబ్దం అవ్వ నోటికి తిరిగేది ఎందుకు కాకూడదు? అందరం "కూర్చో" అనే మాటకే ఒప్పుకున్నాము.

తర్వాత గేటు దగ్గరి పని. ఎగిరితే ఎవరమూ మాట్లాడము, చూడము, తాకము. చేతులు కట్టుకుని వెనక్కి తిరుగుతాము. నాలుగు కాళ్లూ నేల మీద ఆనగానే కిందికి వంగి మెల్లగా మెడ కింద నిమురుతాము. వారం రోజులు అది తగ్గలేదు, పైగా ఇంకా ఎక్కువ ఎగిరింది. "ఇన్నాళ్లూ ఇచ్చిన కూలి ఇప్పుడెందుకు ఇవ్వరు?" అని అడిగినట్లు. ఇక్కడే చాలామంది విసిగి కర్ర తీస్తారు. ఆ వారం ఓర్చుకుంటేనే తర్వాత తగ్గుతుంది. రెండో వారం నుంచి ఎగరబోయి ఆగడం మొదలుపెట్టింది.

బయటివాళ్లు వచ్చినప్పుడు మాత్రం ముందే పట్టీ వేసి ఒకరు పట్టుకోవాలి, లేదా లోపలి గదిలో ఉంచాలి. మన కుక్కకు పాఠం చెప్పడానికి వచ్చినవాళ్ల ఒళ్లు పలక కాదు. నా స్నేహితురాలు ఒకమ్మాయి మా ఇంటికి లెక్కలు చేసుకోవడానికి వచ్చేది. భీమ గోరు గీరుకుని చేతికి రక్తం వచ్చింది. సబ్బుతో పదిహేను నిమిషాలు కారే నీళ్ల కింద కడిగి, ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకుంది. భీమకు ఏటేటా రేబిస్ టీకా వేయించాము, అయినా ఆ అమ్మాయి భయపడింది. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. ఇంతకాలం నేను ఆమెను "పిరికిది" అన్నాను. తప్పు నాది. మన కుక్క మంచిదని మనకు తెలుసు, గేటు బయట నిలబడినవాళ్లకు తెలియదు. భయపడే హక్కు వాళ్లకుంది. కుక్కను పట్టుకోవాల్సిన బాధ్యత మనది.

తోటి విద్యార్థులకు కూడా ఒక మాట. గేటు సందుల్లోంచి చేతులు ఊపి కుక్కను రెచ్చగొట్టి, అది ఎగిరితే నవ్వి పరిగెత్తేది మనమే. అరిచి పరిగెత్తితే ఏ కుక్కయినా వెంటపడుతుంది. కదలకుండా, చేతులు దగ్గర పెట్టుకుని నిలబడితే చాలు.

"ఇంత తీరిక ఎవరికుంది?" అని అడుగుతారు. మాకు పట్టింది పూటకు ఐదు నిమిషాల పాఠం, అరగంట నడక. అవ్వ కట్టు కోసం ఆసుపత్రిలో కూర్చున్న గంటలు అంతకంటే ఎక్కువ. "మొక్కై వంగనిది మానై వంగునా" అనేవాళ్లకు కూడా జవాబు ఉంది. భీమకు రెండేళ్లు నిండిన తర్వాతే నేర్పించాము, నేర్చుకుంది.

అంతా చక్కబడిందని అబద్ధం చెప్పను. చిన్నాయన వచ్చినప్పుడు ఇప్పటికీ ఎగురుతుంది, ఎందుకంటే ఆయన ఇప్పటికీ ముద్దు చేస్తాడు. ఈ పత్రిక ఆయనకు పంపిస్తాను. నాయన పెట్టిన నెల గడువు మాత్రం దాటిపోయింది, భీమను వదిలేసే మాట మళ్లీ రాలేదు. కట్టు విప్పాక కూడా అవ్వ చాలా రోజులు పెరటి తలుపు నుంచే తిరిగింది. మొన్న ఒక సాయంత్రం ముందు గేటు తీసుకుని వచ్చింది. పట్టీ నా చేతిలో ఉంది. భీమ లేవబోయింది. అవ్వ గోడ పట్టుకుని, "కూర్చో రా" అంది. కూర్చుంది. తోక మాత్రం నేలంతా ఊడ్చింది.

కాబట్టి పెద్ద కుక్కలున్న ఇళ్లవాళ్లందరికీ నా విన్నపం. ఇకమీదట మీ గేటు దగ్గరికి ఎవరైనా వస్తే "మా కుక్క ఏమీ చేయదు, రండి" అనొద్దు. "ఒక్క నిమిషం ఆగండి, పట్టుకుంటాను" అనండి. ఆ తర్వాత రమ్మనండి.

— పదవ తరగతి విద్యార్థిని