కుటుంబ వేదిక: మీ బిడ్డ పేరు ఏ కాగితంలో ఎలా ఉన్నది?



మన ఉద్దానం పల్లెల నుండి సైన్యమునకు వెళ్లిన బిడ్డలు ఎందరో ఉన్నారు. 1962లో విజయనగరం దగ్గర కోరుకొండలో సైనిక పాఠశాల ప్రారంభమైనది. అట్టి బడులలో ఆరవ తరగతిలో చేరుటకు మార్చి 31 నాటికి బిడ్డ వయస్సు 10, 12 సంవత్సరముల మధ్య ఉండవలెను. 300 మార్కుల పరీక్షను తెలుగులోనే వ్రాయవచ్చును. 2021–22 నుండి ఆడపిల్లలకును ప్రవేశమున్నది.

మా సంఘములోని ఒక కొబ్బరి రైతు కుమారుడు ఆ పరీక్షలో నెగ్గెను. ఊరంతా సంతోషించితిమి. తీరా కాగితములు చూచువేళ జనన పత్రములో ఇంట పిలిచే పేరున్నది. బడి రిజిష్టరులో, బిడ్డను ప్రతిష్ఠించిననాడు మేము పెట్టిన పేరున్నది. పుట్టిన తేదీయు కలియలేదు. "భయపడకండి, మా ఉత్తరము చాలును" అని ధైర్యము చెప్పినది మేమే. ఆ ఉత్తరము చెల్లలేదు. తండ్రి పలాస, టెక్కలి కార్యాలయముల చుట్టూ తిరుగుచుండగానే గడువు దాటెను. సీటు మరొక బిడ్డకు పోయెను.

"మీరు పెట్టిన పేరే అడ్డమొచ్చింది అయ్యగారూ" అన్నది తల్లి. కోపముతో అనలేదు గనుక ఆ మాట మమ్మును మరింత బాధించినది. వారి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి.

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము చూడండి. అత్తవారి పేరున పిలువబడిన బర్జిల్లయి వంశస్థులు తమ వంశావళి దొరకక యాజకత్వము నుండి తొలగింపబడిరి. పేరు తారుమారైన కష్టము నేటిది కాదు.

కనుక మేము ఇప్పుడు ఇట్లు చేయుచున్నాము. ప్రతిష్ఠ దినమున జనన పత్రము చూచి, అందున్న పేరే మా పుస్తకములో వ్రాయుచున్నాము. పేరు లేకుండ జననము నమోదైతే 15 సంవత్సరముల లోపు పేరు చేర్పించుకొనవచ్చును. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకు పుట్టిన తేదీ రుజువు జనన పత్రమే. దరఖాస్తులో తప్పు దొర్లితే దిద్దుకొనుటకు కొద్ది దినములే ఇత్తురు. ఆ తేదీలు గోడ మీద వ్రాసిపెట్టుకొనండి.

ఈ ఆదివారము ఆరాధన తరువాత మీ పిల్లల కాగితములన్నియు ఒకచోట పరచి అక్షరము అక్షరము పోల్చి చూడండి. అనుమానమున్నయెడల మా యొద్దకు రండి, కలిసి వెళ్లుదము.

సైనిక పాఠశాలకు మరొక ద్వారమున్నది: 13, 15 సంవత్సరముల మధ్య తొమ్మిదవ తరగతి ప్రవేశము. ఆ బిడ్డ ఇప్పుడు దానికై చదువుచున్నాడు. అతని కాగితములన్నిటను ఇప్పుడు ఒకే పేరున్నది. అతని కొరకు ప్రార్థించండి.