పెళ్ళి ఆల్బమ్ ఎవరి సొత్తు?

క్రిందటేడు శ్రావణమాసంలో మా అక్క కూతురి పెళ్ళి జరిగింది. రావులపాలెం దగ్గర ఊరు. ముహూర్తం పెట్టుకున్న వారానికే ఫొటోగ్రాఫరును మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. వరండాలో మా బావగారు, పెళ్ళికొడుకు మేనమామ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. రాజమండ్రి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు పాత ఆల్బమ్‌లు నాలుగు టీపాయి మీద పరిచాడు. పెళ్ళికూతురు వంటింట్లో కాఫీలు కలుపుతోంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, ఈ పెళ్ళి ఖర్చులో సగం తన జీతంలోంచి దాచి ఇచ్చిన పిల్ల. ఫొటోలు ఎలా ఉండాలో ఆమెను అడగాలని అక్కడ ఎవరికీ తోచలేదు.

"ఆర్డరు ఎవరి పేరున రాయమంటారండీ?" అని అడిగాడు ఫొటోగ్రాఫరు.

"అబ్బాయిగారి తరఫునే రాయండి. డబ్బులు మేమిస్తాం లెండి" అన్నారు మా బావగారు.

చాలా మామూలుగా అన్న మాట. మన జిల్లాల్లో ఏ వరండాలోనైనా వినిపించే మాట. ఈ మాట వెనక ఎంత నష్టం దాగి ఉందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఫొటోగ్రాఫరు జేబులోంచి కాగితం తీసి ఆ రోజు తియ్యవలసినవన్నీ వరుసగా చదివాడు. పెళ్ళికూతుర్ని చెయ్యడం, ఎదురు సన్నాహం, గౌరీపూజ, బుట్టలో తీసుకురావడం, అల్లుడి కాళ్ళు కడగడం, కన్యాదానం, జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం, అప్పగింతలు. పెళ్ళికి ముందు ఒక రోజు పాపికొండల్లోనో, దిండి దగ్గరో, కడియం తోటల్లోనో జంటను తిప్పి తీసే ఫొటోలు వేరే. ఆ ఖర్చూ ఆడపిల్లవారిదే. "అప్పగింతల దగ్గర క్లోజప్‌లు బాగా పడాలండీ. అమ్మాయి ఏడవకపోతే ఆల్బమ్ పండదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. అతను చెడ్డవాడు కాదు. తన వృత్తిలో నలుగురూ ఏం కోరుకుంటారో అదే చెప్పాడు. ఆడపిల్ల కన్నీరు అమ్ముడుపోయే సరుకని అతనికి నేర్పింది మన ఇళ్ళే.

ఆ కాగితంలో ఏమున్నాయో చూశాం. ఏం లేవో కూడా చూడాలి. కట్నం డబ్బు లెక్కపెట్టిన పూట లేదు. ఆడపడుచు లాంఛనాలు చాలలేదని మొహాలు మాడ్చుకున్న పూట లేదు. అమ్మాయి ఒంటి మీద పెట్టిన బంగారం ఎవరు పెట్టారో, ఎన్ని కాసులో చెప్పే ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళిలో ప్రతి పువ్వునూ పట్టుకునే కెమెరా, ఆస్తి చేతులు మారే చోట మాత్రం కళ్ళు మూసుకుంటుంది. ఇది యాదృచ్ఛికం అనుకుందామా? పెళ్ళిని ముచ్చటగా చూపించి, దాని లోపల నడిచే ఆస్తి సంబంధాలను కనపడకుండా చెయ్యడం పితృస్వామ్య భావజాలానికి అవసరం. ఆ పనిని ఆల్బమ్ ఎంతో అందంగా చేసిపెడుతుంది.

అయితే నేను చెప్పదలచుకున్నది ఇంతకంటె గడ్డు విషయం.

కొన్నేళ్ళ కిందట పశ్చిమ డెల్టా నుంచి ఒక స్త్రీ సలహా కోసం మా దగ్గరికి వచ్చింది. భర్త మరో ఊళ్ళో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. మనోవర్తి అడిగితే "నీకూ నాకూ పెళ్ళెప్పుడయింది?" అన్నాడు. రిజిస్ట్రేషన్ లేదు. పురోహితుడు చనిపోయాడు. ఆల్బమూ, సీడీలూ అత్తగారి బీరువాలో ఉన్నాయి. స్టూడియోకు వెళ్ళి కాపీలు అడిగితే, "ఆర్డరు వాళ్ళదమ్మా, వాళ్ళు చెప్తేగాని ఇవ్వలేం" అన్నారు. రెండోసారి వెళ్ళేసరికి అవి చెరిపేశామన్నారు. ఆ పెళ్ళి ఫొటోలకు డబ్బు కట్టింది ఆమె తండ్రి, అరెకరం కౌలు చేసుకునే మనిషి. చివరకు కువైట్‌లో ఇంటిపని చేసుకుంటున్న ఆమె పిన్ని దగ్గర, అప్పట్లో పంపిన ఫొటో ఒకటి దొరికింది. అందులో ఆమె తల వంచుకుని ఉంది. తాళి కడుతున్నవాడి వీపు కనిపిస్తోంది. మొహం కనిపించదు.

మనలో చాలామంది కార్యకర్తలు ఇలాంటి కథలు విన్నారు. విని, వకీలు దగ్గరికి పంపి, ఊరుకున్నాం. ఆ ఫొటో ఆమె చేతిలో ఎందుకు లేదని ఎప్పుడైనా ప్రశ్నించుకున్నామా?

చట్టం ఏమంటోందో చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఎవరు ఫొటో తీయించుకుంటారో, వేరే ఒప్పందం లేనప్పుడు, దాని మీద మొదటి హక్కు వారిదే. స్టూడియోది కాదు. అంటే రసీదు మీద ఎవరి పేరు ఉందన్నది చిన్న విషయం కాదు. మా బావగారు ఒక్క మాటతో తన కూతురి పెళ్ళి సాక్ష్యాన్ని డబ్బిచ్చి మరీ అవతలివారికి రాసి ఇచ్చేస్తున్నారు.

సాక్ష్యం అన్న మాట ఊరికే వాడలేదు. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ పెళ్ళికి ఆచారం ప్రకారం తంతు జరగాలంటుంది. సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్లు లెక్క. 1965లో భావురావ్ లోఖండే కేసులో, రెండో పెళ్ళి తంతు సక్రమంగా జరిగినట్లు రుజువు కాలేదని సుప్రీంకోర్టు ద్విభార్యత్వ నేరాన్ని కొట్టివేసింది. ఆనాటి నుంచీ ఎందరో మగవాళ్ళకు ఈ తీర్పు గొడుగయింది. 2024లో డాలీ రాణీ కేసులో, తంతు జరగకుండా సర్టిఫికెట్టు ఒక్కటే ఉంటే అది హిందూ వివాహం కాదని అదే కోర్టు చెప్పింది. మనోవర్తి కేసుల్లో అంత గట్టి రుజువు అక్కర్లేదని 1999లో ద్వారికా ప్రసాద్ శతపథి కేసులో తీర్పు ఉంది. నిజమే. కానీ ఆ మెట్టు దాకా వెళ్ళడానికైనా స్త్రీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! తంతు జరిగిందనడానికి ఫొటోకంటె తేలికగా దొరికే సాక్ష్యం మామూలు ఇళ్ళల్లో ఏముంటుంది?

ఇప్పుడు నెగటివ్‌లు లేవు. అంతా హార్డ్ డిస్కుల్లోనూ ఫోన్లలోనూ ఉంటుంది. ఇలాంటి ఎలక్ట్రానిక్ కాపీలను కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్టు జతచెయ్యాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ చెప్పినదాన్నే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ చెబుతోంది. అసలు ఫైళ్ళు ఎవరి అధీనంలో ఉన్నాయో వాళ్ళ సహకారం కావాలి. అవి అత్తవారి ఇంట్లోనో, వారి మాట వినే స్టూడియోలోనో ఉంటే ఆమెకు దిక్కెవరు?

ఇక బంగారం సంగతి. మన పెళ్ళిళ్ళలో చదివింపులు రాయడానికి ఒక మనిషి పుస్తకం పట్టుకుని పందిట్లో కూర్చుంటాడు. ఎవరు నూట పదహార్లు చదివించారో, ఎవరు వెయ్యినూట పదహార్లు చదివించారో ఇంటిపేరుతో సహా రాస్తాడు. రేపు వారింట్లో పెళ్ళికి తిరిగి పెట్టాలి గనక. ఇంత జాగ్రత్తగల సమాజం, 1985 నాటి వరకట్న నిషేధ నియమాల ప్రకారం రాయవలసిన కానుకల జాబితాను మాత్రం రాయదు. ప్రతి కానుక వివరం, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం రాసి వధూవరులిద్దరూ సంతకం చెయ్యాలని ఆ నియమాలు చెబుతున్నాయి. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, అత్తవారి చేతిలో ఉన్నా అది వారికి అప్పగించిన సొమ్ము మాత్రమేనని అదే 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ నగ ఉన్నట్లు ఎవరు చెబుతారు? మెడ నిండా నగలతో పెళ్ళికూతురు నిలబడిన ఫొటో చెబుతుంది. పక్కనే పెట్టిన జాబితా చెబుతుంది.

ఈ మాట మన సమావేశాల్లో ఎత్తితే రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: "మనం ఆడంబరపు పెళ్ళిళ్ళను వ్యతిరేకించాలిగాని, ఫొటోగ్రాఫర్ల గురించి మాట్లాడడమేమిటి?" నేనూ ఆడంబరాన్ని వ్యతిరేకించేదాన్నే. అన్నవరం కొండ మీద పదిమంది ఎదుట జరిగే పెళ్ళికి కూడా నాలుగు ఫొటోలు తీస్తారు. ఆ నాలుగూ ఎవరి దగ్గర ఉంటాయన్నదే నా ప్రశ్న. రాజమండ్రి మనకు నేర్పిన పాఠం కూడా ఇదే. 1881 డిసెంబరు 11న అక్కడ వీరేశలింగం తొలి వితంతు వివాహాన్ని జరిపించారు. ఆ పెళ్ళిని దాచిపెట్టలేదు, ఊరంతా ఎదురుతిరిగినా నలుగురికీ తెలిసేలా జరిపించారు. స్త్రీకి పెళ్ళి సాక్షుల బలం ఎంత అవసరమో సంస్కర్తలకు అప్పుడే తెలుసు.

రెండో అభ్యంతరం: "రిజిస్ట్రేషన్ చేయిస్తే చాలదా?" మన రాష్ట్రంలో 2002 నుంచి నిర్బంధ వివాహ రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. తప్పకుండా చేయించాలి. అయితే రిజిస్ట్రేషన్‌కు వెళ్ళినప్పుడు శుభలేఖతో పాటు అడిగేది పెళ్ళి ఫొటోనే. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనడం కుదరదు.

ఇంకో ప్రమాదం ఉంది, అది నేనే చెబుతాను. కానుకల జాబితా కట్నానికి ముసుగు కావచ్చు. అడిగి పుచ్చుకున్న కట్నం జాబితాలో రాసినా నేరమే. ఆ సొమ్ము ఎవరి చేతికి వెళ్ళినా, గడువులోగా ఆమెకు అప్పగించాలని వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. ఈ తేడాను ప్రతి సభలోనూ చెప్పవలసిన బాధ్యత మనదే.

మరి ఏం చెయ్యాలి? ఫొటోగ్రాఫరును మాట్లాడుకునే రోజు పెళ్ళికూతురు వరండాలో కూర్చోవాలి. రసీదు ఆమె పేరున రాయించాలి. అసలు ఫైళ్ళన్నీ ఆమెకు అందాకే చివరి బాకీ తీర్చాలి. ఒక కాపీ పుట్టింటి వైపు నమ్మకమైన స్త్రీ దగ్గర ఉంచాలి. తాళి కట్టేటప్పుడు, ఏడడుగులు వేసేటప్పుడు ఇద్దరి మొహాలూ, సాక్షుల మొహాలూ స్పష్టంగా కనిపించే ఫొటోలు ఉండాలి. కానుకల జాబితా మీద ఇద్దరూ సంతకం పెట్టేటప్పుడు ఫొటో తియ్యాలి. అలంకరణ గదిలోకి ఆమె అనుమతి లేకుండా కెమెరా రాకూడదు. స్వచ్ఛంద సంస్థలు పెళ్ళికి ముందు ఆడపిల్లలకు పెట్టే శిక్షణల్లో ఈ అరపేజీ కూడా చేర్చాలి.

ఆ రోజు నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. విషయం చెప్పాను. "నాన్న బాధపడతారేమో పిన్నీ" అంది. కాఫీ గ్లాసులు పట్టుకుని వరండాలోకి వచ్చింది. అందరికీ ఇచ్చాక, "రసీదు నా పేరున రాయండి. అడ్వాన్సు నేనే ఇస్తున్నాను" అని ఫొటోగ్రాఫరుతో చెప్పింది. పెళ్ళికొడుకు మేనమామ గ్లాసు కింద పెట్టేశారు. మా బావగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానుకల జాబితాకు మాత్రం ఒప్పించలేకపోయాం. "శుభమా అని పెళ్ళి చేసుకుంటూ కోర్టు కాగితాలా?" అన్నారు.

ఒక రసీదు మీద పేరు మారింది, అంతే. కానీ హార్డ్ డిస్కు ఇవ్వాళ ఆ పిల్ల బీరువాలో ఉంది. తాళం ఆమె దగ్గరే ఉంది.