"చెట్టు కదా, అదే బతుకుతుందిలే" అనేవాళ్ళకి

తుఫాను పోయినాక మన చుట్టాల గ్రూపులో అందరూ పడిపోయిన చెట్ల ఫోటోలు పెడతారు. తుఫానుకి ముందు మాత్రం ఒక్కరూ ఒక గుంజ పాతరు. అడిగితే "చెట్టు కదా, అదే బతుకుతుందిలే" అంటారు. ఈ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తా ఉండాము. కొంచెం కోపంగానే రాస్తా ఉండాము.

"ధర్మపురికి సముద్రం యాడుంది, తుఫాను యాడుంది?" అనేది మొదటి సాకు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. బలం తగ్గి మన వైపే వచ్చింది. డిసెంబరు 2 పొద్దుటికి, 24 గంటల్లో మన హరూరులో 33 సెంటీమీటర్లు, పక్కన కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు వాన పడింది. గాలి బలం తగ్గిందంటే వాన తగ్గినట్టు కాదు.

అట్లాంటి వానలో పెరటి చెట్టుకి పెద్ద శత్రువు నిలిచిన నీళ్ళు. వేరుకీ గాలి కావాలి. మట్టి సందుల్లో నీళ్ళు నిండితే వేరుకి ఊపిరాడదు. బొప్పాయి రెండు మూడు రోజులకే కుళ్ళుతుంది, కరివేపాకు పసుపు తిరిగి ఆకు రాలుస్తుంది. మరి మనం చేసేదేమి? "బురద ఉండదు, పాములు రావు" అని మేస్త్రీ చెప్తే పెరడంతా సిమెంటు పోయిస్తాము. చెట్టు చుట్టూ రెండడుగుల గుండ్రం వదిలి, వాన నీళ్ళన్నీ అందులోకే దిగేమాదిరి వాలు పెట్టిస్తాము. అది చెట్టుకి నీళ్ళు పెట్టడం కాదు, ముంచడం.

మా అవ్వ పద్ధతి వేరే. ఎండాకాలంలో చెట్టుకి పాది. ఐప్పసి వానలకి ముందు ఆ పాది పూడ్చి, మొదలుకి మట్టి ఎగదోసి, నీళ్ళు పోయేదానికి గండి కొట్టేది. ఒక పార, ఒక పూట పని.

గాలి సంగతి కూడా అంతే. ఆడి గాలి చెప్పకుండా రాదు, ఏటా వస్తుంది. మునగ కొమ్మ పెళుసు. కాపు అయినాక కొమ్మలు కొట్టేస్తే కొత్త చిగురు వస్తుంది, గాలికి పట్టు దొరకదు. గెల వేసిన అరటి గెల బరువు వైపే వాలుతుంది, ఆ వైపు పంగ కర్ర పెట్టాలి. మిద్దె మీద కుండీలు దించి గోడ మూలకి చేర్చాలి. ఒరిగిన లేత చెట్టుని మట్టి మెత్తగా ఉన్నప్పుడే లేపి గుంజకి వదులుగా కట్టాలి. మునగ విరిగితే వేరుతో పెరికేయొద్దు, మోడు నుంచి మళ్ళీ లేస్తుంది.

ఇదంతా వదిలేసి, చలి దేశాల వీడియోలు చూసి మొక్కలకి ప్లాస్టిక్ ముసుగులు కొంటా ఉండారు. మన ఊర్లో మార్గళి మంచు పడుతుంది, గడ్డకట్టదు. ఆడి గాలిలో ఆ ముసుగు తెరచాప అవుతుంది, మొక్కని వేరుతో లేపుకుపోతుంది.

డాలస్‌లో ఉండే మనవాళ్ళకి ముసుగు కావాలి, నిజమే. 2021 ఫిబ్రవరి 16న అక్కడ మైనస్ 19 డిగ్రీలు. అంత చలికి ఏ ముసుగూ కరివేపాకుని కాపాడదు, కుండీ ఇంట్లోకి రావాల్సిందే. తేలిక మంచుకైతే పాత నూలు దుప్పటి చాలు. పుల్లలు నాటి, ఆకుకి తగలకుండా, నేల దాకా కప్పాలి. పగలు నేల దాచుకున్న వేడి రాత్రి లోపలే నిలుస్తుంది. ఆకుకి అంటుకున్న ప్లాస్టిక్ అయితే ఆ చలిని ఆకుకే అంటిస్తుంది. పొద్దున ఎండ రాగానే తీసేయాలి. ఏ ఊరి కష్టానికి ఆ ఊరి కాపుదల. డాలస్ పద్ధతి ధర్మపురికి, ధర్మపురి పద్ధతి డాలస్‌కి పనికిరాదు.

"పోతే పోనీ, నర్సరీలో ఇంకోటి దొరకదా?" అనేది చివరి సాకు. మొక్క దొరుకుతుంది. అవ్వ పుట్టింటినుంచి తెచ్చి నాటిన కరివేపాకు పిలక దొరకదు. మేము చదివింది కన్నడ బళ్ళో, బజారులో మాట్లాడేది తమిళం. పాది, గండి, పంగ కర్ర, ఎగదోయడం, ఈ మాటలు మాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, పెరడే నేర్పింది. పెరడు మీద సిమెంటు పోస్తే మన పిల్లలకి ఆ మాటలతో పనే ఉండదు. పని లేని మాట ఎన్నాళ్ళు నిలుస్తుంది? తెలుగు పోతా ఉందని పండగకొకసారి బాధపడే మనం, తెలుగు బతికుండే జాగాని మన చేతులతోనే మూసేస్తా ఉండాము.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తప్పుని ముందే పట్టుకుంటే గంట పని, జనం చేతికి పోయినాక బయటపడితే వారం పని. చెట్టుకీ అదే లెక్క.

కాబట్టి ఆడికి ముందు కొమ్మలు కొట్టండి, కర్రలు పెట్టండి. ఐప్పసికి ముందు పాదులు పూడ్చి గండి తీయండి. సిమెంటు వేసినవాళ్ళు చెట్టు చుట్టూ ఇంకో రెండడుగులు పగలగొట్టించి, నీళ్ళకి దారి ఇవ్వండి. పిల్లల చేతికి పార ఇచ్చి పక్కన నిలబెట్టుకోండి. ఈసారి గ్రూపులో పడిపోయిన చెట్టు ఫోటో కాదు, కర్ర పెట్టిన అరటి ఫోటో పంపండి.