కోర్టులో జూరీ లేదు, కట్ట మీద ఉండాది

మొన్న ఎండాకాలం ఎమ్మిగనూరు బస్టాండు కాడ టీ తాగుతాండా. పక్క బల్ల మీద ముగ్గురు పిల్లోళ్లు ఒకే ఫోన్ చూస్తాండారు. యాడో ఒక ఆడపిల్ల పోలీసు స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చిందంట, ఆ మాట. టీ సల్లారకముందే తీర్పు అయిపాయ. "అంత రాత్రిపూట ఆయమ్మి యాటికి పోయింది?" అన్యాడు ఒకడు. "నాలుగు దినాలు ఏం చేస్తాండె? ఈపొద్దు గుర్తొచ్చిందా?" అన్యాడు ఇంకొకడు. మూడోవాడేమో "వాణ్ణి నడిబజార్లో ఉరి తీయాల" అన్యాడు. ముగ్గురికీ ఆ పిల్ల ఎవరో తెలీదు, ఆ పిల్లోడు ఎవరో తెలీదు. నేనూ నోరు మెదపలే. ఆ సిగ్గుతోనే ఇది రాస్తాండా.

ఇట్లాంటి ముగ్గురినీ తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోబెట్టేముందు, "నీ మనసులో ఏముందో ముందు చెప్పు" అని అడిగే దేశాలు ఉండాయి. అమెరికాలో పెద్ద నేరాల కేసుల్లో తప్పు చేసినాడా లేదా అని తేల్చేది మామూలుగా జడ్జి కాదు, జూరీ. అంటే ఊర్లో ఉండే మామూలు మనుషులు పన్నెండు మంది. వాళ్లను ఎంచుకునేముందు జడ్జి, రెండు పక్కల లాయర్లు ప్రశ్నలు అడుగుతారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటిది జరిగిందా? మీవాళ్ల మీద ఎవరైనా ఇట్లాంటి కేసు పెట్టినారా? ఆలస్యంగా చెప్పిన ఆడమనిషి మాట నమ్ముతావా? ఎదుటివాడు పేరున్నోడని ఒక పక్కకు మొగ్గుతావా? మనసు ముందే ఒకవైపు వాలిపోయిందని తేలితే ఆ మనిషిని ఇంటికి పంపిచ్చేస్తారు.

2020 జనవరిలో న్యూయార్క్‌లో సినిమా నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ కేసుకు వందల మందిని పిలిచి, రెండు వారాలు ఈ ప్రశ్నలతోనే గడిపినారు. "మేం న్యాయంగా ఉండలేం" అని శానామంది వాళ్లంతట వాళ్లే చెప్పి పోయినారు. అట్లని అది తప్పులు లేని పద్ధతేం కాదు. 2021లో గిలేన్ మాక్స్‌వెల్ కేసులో జూరీలో ఉన్న ఒకాయన, చిన్నప్పుడు తనమీద జరిగిన అఘాయిత్యం సంగతి ఫారంలో రాయలే. తీర్పు అయినంక ఆయనే పేపర్లోళ్లకు చెప్పినాడు. జడ్జి ఆయన్ను మళ్లా పిలిచి, ప్రమాణం చేయించి అడిగింది. కావాలని దాచలేదని నమ్మింది, తీర్పు నిలిచింది. ఫారం నింపినంత మాత్రాన మనసు బయటపడదని దీంతో తెలుస్తాది. కానీ అడగడమనే పని ఒకటి ఆడ ఉండాది.

మన దేశంలో ఒకప్పుడు జూరీ ఉండె. 1959లో బొంబాయిలో నేవీ ఆఫీసరు నానావతి, భార్యతో సంబంధం ఉన్న మనిషిని కాల్చి చంపితే, జూరీలో తొమ్మిది మందికి ఎనిమిది మంది "తప్పు లేదు" అన్యారు. పేపర్లు, జనం ఆయన పక్కనే నిలబడినారు. హైకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి శిక్ష వేసింది. దానివల్లే జూరీ పోయిందని అంటాంటారు గానీ, అంతకు ముందే 1958లో లా కమిషన్ జూరీ వద్దని చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అది పూర్తిగా పాయ. ఈపొద్దు అత్యాచారం కేసు సెషన్స్ కోర్టుకు పోతే ఆడ తేల్చేది ఒక్క జడ్జే.

మల్ల ఆ జడ్జి మనసులో ఏముందో ఎవరు అడగాల?

మన చట్టం దీనికి ఒక దారి పెట్టింది: కేసును వేరే ఊరికి మార్చడం. ఆ దారి మన పక్కదాకా వచ్చింది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేసినారని, అడ్డం పోయిన మొగుడు దెబ్బలకు చచ్చిపోయినాడని హైదరాబాద్ అట్టుడికిపాయ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందర పోలీసుల పక్క వాదన అంతా ఆయమ్మ నడత మీదనే. ఆమె మంచిది కాదు, ఆ పెళ్లి పెళ్లే కాదు అన్యారు. కమిషన్ మాత్రం పోలీసులదే తప్పని చెప్పింది. తర్వాత కేసు కర్ణాటకకు మారింది. యాడికనుకున్యారు? రాయచూరుకు. ఆదోనిలో రైలెక్కితే మంత్రాలయం రోడ్డు దాటినంక వచ్చే రాయచూరుకే. 1981లో ఆడి కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. ఊరు మారిస్తే ఊరి గోల పోతాదేమో గానీ, మనుషుల తలకాయలో ఉండేది పోతాదా?

రెండో దారి ఇంకా గట్టిది: జడ్జి తీర్పుకు కారణం రాయాల. జూరీ "అవును, కాదు" అని చెప్పి ఇంటికి పోతాది. జడ్జి మాత్రం ఎందుకో కాగితం మీద పెట్టాల. మహారాష్ట్ర మథుర కేసులో కింది కోర్టు, ఆ పిల్ల సంబంధాలకు అలవాటు పడిందని రాసింది. 1978లో సుప్రీంకోర్టు కూడా పోలీసులను వదిలేసింది, ఒంటి మీద దెబ్బలు లేవని ఎత్తి చూపింది. ఆ మాటలు కాగితం మీద ఉండబట్టే 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధ ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా పంతుళ్లు సుప్రీంకోర్టుకే బహిరంగ లేఖ రాయగలిగినారు. ఆడోళ్లు రోడ్డెక్కినారు. 1983లో చట్టం మారింది.

అట్లనే ఒక్కో తలుపు మూసుకుంటా వచ్చినారు. పాత సంబంధాల గురించి అడిగి ఆడమనిషిని అబద్ధాలకోరని నిరూపించే వీలు 2003లో పాయ. రెండు వేళ్ల పరీక్ష చేయొద్దని సుప్రీంకోర్టు 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. 2020లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిల్ ఆర్డరులో, అట్లాంటిది జరిగినంక నిద్రపోవడం భారతీయ స్త్రీకి తగదని రాసింది. జనం తిట్టినంక ఆ మాట తీసేసినారు. అదే ఏడు మధ్యప్రదేశ్ హైకోర్టు, నిందితుణ్ణి ఆ ఆడమనిషితో రాఖీ కట్టించుకోమని బెయిల్ ఇస్తే, 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బట్టలు, నడత, పాత జీవితం గురించి రాయొద్దు, రాజీ మాట ఎత్తొద్దు అని జడ్జీలకు చెప్పింది.

అంటే కోర్టులో ఉండే పక్షపాతాన్ని చదవొచ్చు, పై కోర్టుకు పోవచ్చు, చట్టం మార్పించొచ్చు. మన కట్ట మీద తీర్పుకు ఇవేవీ లేవు. దానికి కాగితం లేదు, కారణం లేదు, అప్పీలు లేదు. కేసు కోర్టుకు చేరాల్నా వద్దా అని తేల్చేది మాత్రం అదే.

కోసిగి, కౌతాళం పక్క సుగ్గికి పోయే ఇండ్లను చూడండి. అమ్మానాయనా మిరపకాయ కోతకు గుంటూరు పక్క పోతారు, పిల్ల అవ్వ కాడ ఉంటాది. పిల్లకు ఏమన్నా జరిగితే ముందు తెలిసేది పెద్దమనుషులకే. "పరువు పోతాది, డబ్బు తీసుకో, పెండ్లి చేసేద్దాం" అని ఆడే తెగ్గొడతారు. అత్యాచారం రాజీ చేసుకునే నేరం కాదు. పిల్లకు పద్దెనిమిది నిండకపోతే, తెలిసి చెప్పకపోవడమే పోక్సో చట్టం కింద నేరం. రాజీ చేసిన పెద్దమనిషికీ అది తగులుతాది.

ఇంకో పక్కకు వాలడం కూడా అన్యాయమే. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007లో హాస్టల్ పిల్ల హత్య కేసులో ఒక పేద పిల్లోణ్ణి పట్టినారు. 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలింది. ఎనిమిదేండ్లకు పైన జైల్లో పాయ. 2019లో షాద్‌నగర్ దగ్గర నలుగురిని కాల్చి చంపితే స్వీట్లు పంచుకున్యాం. చంపాలనే పోలీసులు కాల్చినారని 2022లో సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది. నిజం తేలకముందే "ఉరి తీయాల" అనేవాడూ, "ఆయమ్మిదే తప్పు" అనేవాడూ ఒకే బల్ల మీద కూర్చున్యోళ్లే.

కాబట్టి వాట్సాప్‌లో మాట అనేముందు ఆ జూరీ ప్రశ్నలు మనకు మనం వేసుకుందాం. నాకు వీళ్లలో ఎవరన్నా చుట్టమా, కులమా, పార్టీనా? ఆ పిల్లోడు మావోడు కాకపోయింటే ఇదే మాట అంటాంటినా? ఆ పిల్ల నా చెల్లెలైతే "ఇన్ని దినాలు ఏం చేస్తాండె" అని అడుగుతాంటినా? నాకు నిజంగా తెలిసిందేమి, విన్నదేమి? ఒక్కదానికైనా జవాబు తడబడితే నోరు మూసుకోవడమే మేలు.

నోరు మూసుకున్యా చేయాల్సిన పని ఉంటాది. ఆ పిల్ల పేరు, ఫోటో ఫార్వర్డ్ చేయొద్దు, దానికి రెండేండ్ల దాకా జైలు ఉండాది. సుగ్గికి పోయిన చోట జరిగినా ఈడ మన స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ ఇయ్యొచ్చు, మా ఏరియా కాదని పంపిచ్చేసే హక్కు పోలీసులకు లేదు. ఆ ఇంటివాళ్లకు తోడు కావాలంటే స్టేషన్ దాకా పోండి.

ఆ పొద్దు టీ అంగట్లో ఆ ముగ్గురితో నేను అనాల్సింది ఒక్కటే: "మీకెట్ల తెలుసప్పా?" అది అనలేకపాయ. ఈసారి అంటా.